పిడికెడు బియ్యపు కుండ

జయశీల కూలి కొలిచే మానికను అరచేత్తో చదును చేసింది. పైన కుప్పగా నిలిచిన బియ్యం జారి చాటలో పడింది.

ఎదురుగా మాలకొండమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఊళ్లో ఇంకా మిల్లు రాలేదు. పొద్దుటి నుంచి జయశీల వాళ్ల వడ్లు దంచి దంచి ఆమె రెక్కలు పడిపోయాయి. దంచినవాళ్లకు కూలి బియ్యం కుప్పగా కొలిచి పోయడం అక్కడి వాడుక.

“ఏం పాపా, తలకొట్టి పోస్తా ఉండావు?”

“అమ్మ చెప్పింది” అని జయశీల అబద్ధమాడింది.

మాలకొండమ్మ మూట కట్టుకుని వెళ్లిపోయింది.

చాటలోని బియ్యం పిడికెడు బియ్యపు కుండలో చేరింది. వంట చేసినప్పుడల్లా అమ్మ రెబెక్కమ్మ దేవుడి కోసం ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేస్తుంది. కోత పండుగనాడు అందరూ తమ కుండలు చర్చికి తెస్తారు. “మీ కుండలో ఎలుకలు కూడా ఉపవాసమేనా?” అని పోయినేడు తన ఈడు ఆనందబాబు ఎగతాళి చేశాడు. ఈసారి వాడి నోరు మూయించాలి. అయినా దేవుడికే కదా, తప్పేముంది అనుకుంది ఆ గడుసుపిల్ల.

మర్నాడే పండుగ. జయశీల నిండు కుండ ఒళ్లో పెట్టుకుని చర్చిలో కూర్చుంది. క్రీస్తుదాసు అయ్యగారు ఆమోసు ప్రవక్త గురించి చెబుతున్నారు.

“ఆమోసు కాలంలో జనం పండగలు బాగా చేసినారు. పాటలు బాగా పాడినారు. బీదవాళ్లకు మాత్రం కొలత తగ్గించినారు. మీ కానుకలు నాకొద్దు పొమ్మన్నాడు దేవుడు.”

జయశీల కుండ మూతిని అరచేత్తో కప్పింది. అప్పుడే సముద్రం వైపు ఉరిమింది. ఆ ఉరుము తన కోసమే అనిపించింది.

అయ్యగారు ఒక్కో ఇంటిని పిలుస్తున్నారు. కుండలు బల్ల మీదికి చేరుతున్నాయి. తమ వంతు దగ్గరపడింది. బల్ల దగ్గరికి వెళ్లాలంటే దేవుడి భయం. వెళ్లకపోతే అమ్మ భయం.

జయశీల లేచింది. కుండ పట్టుకుని గుమ్మం దాటి పరుగెత్తింది.

మాలకొండమ్మ తన ఇంట్లో పిల్లలకు జావ కాస్తోంది. అందులో నీళ్లే ఎక్కువ. కుండను చూసి ఆమె కూడా బెదిరిపోయింది.

“గుడి బియ్యం నాకెందుకు పాపా? తింటే కళ్లు పోతాయి.”

“గుడిది కాదక్కా, నీ కూలి కలిసింది, అంతా నీదే. అమ్మేమీ చెప్పలేదు. నేనే తక్కువ కొలిచినాను.”

కుండను ఆమె చాటలో బోర్లించేసింది.

తిరిగి వచ్చేసరికి అందరి కళ్లూ గుమ్మం మీదే ఉన్నాయి. రెబెక్కమ్మ ముఖం ఎర్రబడింది. ఆనందబాబు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. జయశీల నేరుగా నడిచి వెళ్లి, ఖాళీ కుండను నిండు కుండల మధ్య పెట్టింది.

“ఇందులో బియ్యం ఏమైనాయమ్మా?” అని అయ్యగారు అడిగారు.

జయశీల అందరికీ వినబడేలా చెప్పింది.

“అవి మాలకొండమ్మక్క కూలి, అయ్యగారూ. నేను కాజేసినాను. ఇచ్చి వచ్చినాను.”