అగ్రిమెంటులో లేని మనిషి

అహ్లోన్ రేవు దగ్గర, రెండో అంతస్తులో అద్దెవాటా. సుధామణి ఏడేళ్ల కూతురు చిన్నతల్లితో అందులో దిగి నెల కాలేదు. పొగనీ, వాసన తెలియని విషవాయువునీ పసిగట్టి మోగే అలారం ఇంట్లో ఉండాలని అగ్రిమెంటులో రాసుంది. ఇంటి ఓనరు బుల్లియ్య కప్పుకి ఒకటి బిగించాడు గానీ, విప్పి చూస్తే అది ఉత్త డొల్ల. అడిగితే, కాగితం కోసం పెట్టిందే, నీకేటి నష్టమన్నాడు. సుధామణి తానే మంచిదొకటి కొనితెచ్చి పిల్ల మంచం పక్కన తగిలించింది.

ఆ మధ్యాహ్నం జడివాన. కరెంటు పోయింది. కింద వాటావాళ్లు జనరేటరు తడుస్తుందని మెట్ల కిందికి లాగి నడిపారు. చిన్నతల్లి జ్వరంతో లోపలి గదిలో పడుకుంది. వంటింట్లో బియ్యం ఏరుతున్న సుధామణికి తల బరువెక్కింది. తడిసిన గోడల వాసన తప్ప మరే వాసనా లేదు. కింద నుంచి జనరేటరు గుడగుడ. కళ్లు మూతలు పడుతున్నాయి...

అలారం కీచుమంది.

లేవబోయింది. కాళ్లు రాలేదు. పాకింది... గోడ పట్టుకుని పాకింది. లోపలి గది గడప దగ్గర చేతులు కూడా చచ్చుబడ్డాయి.

అప్పుడు వినిపించింది. టక్... కిటికీ గడియ తీసిన చప్పుడు. పాత రంగుకి బిగుసుకుపోయి, తాము వచ్చినప్పటి నుంచీ తెరుచుకోని కిటికీ. టక్... రెండోది. టక్... వాన జల్లు మొహాన కొట్టింది. ఆమెని దాటుకుంటూ ఎవరో తడబడే అడుగులతో లోపలికి వెళ్లారు.

గాలి తగిలి కాస్త తెప్పరిల్లి, మంచం దాకా చేరేసరికి మంచం ఖాళీ. చిన్నతల్లి ముందు బాల్కనీలో వానకి తడుస్తూ కూర్చునుంది.

"ఎవలు తెచ్చారే నిన్ను?"

"అమ్మ," అంది పిల్ల గుసగుసగా. "నువ్వు కాదు."

పిల్ల మణికట్టు చుట్టూ మసి. ఐదు వేళ్ల గుర్తులు.

కబురు తెలిసి వచ్చిన బుల్లియ్య ఆ గుర్తులు చూసి కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. మూడేళ్ల కిందట ఒక తల్లీ కూతురూ ఈ వాటాలోనే అద్దెకుండేవారట. వాన రోజున కిటికీలు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకున్నారట. అలారం లేదు. పిల్ల మంచం మీదే పోయింది. తల్లి గడప దాకా పాకి... అక్కడే ఆగిపోయింది.

ఆ సాయంత్రమే సుధామణి ఇల్లు వదిలేసి, పిల్లతో ఊళ్లోనే చౌక్తడా పేటలో ఉన్న ఆడపడుచు ఇంటికి చేరింది. సబ్బుతో ఎంత రుద్దినా మసి పోలేదు. మర్నాడు పొద్దున చూస్తే అది మోచేతి మీద ఉంది. ఆ మర్నాడు, భుజం మీద.

మూడో రోజు చెయ్యి శుభ్రంగా ఉంది. సుధామణికి ప్రాణం లేచొచ్చింది. స్నానం చేయించడానికి పిల్ల గౌను విప్పింది.

వీపు మీద పది వేళ్లు... బిడ్డని గుండెకి హత్తుకున్నట్టు.