గోడకు వదిలిన జానెడు

హాలు గోడ మీద నడిమధ్యన, నేల నుంచి పైకప్పు దాకా, జానెడు వెడల్పున రంగు పడలేదు. ఎదురు గోడ మీదా సరిగ్గా అంతే! అటు లేత పసుపు, ఇటు లేత పసుపు మెరుస్తుంటే, నడుమ పాత సున్నం మాత్రం వెలవెలబోతోంది. రాజేశ్వరికి ఒళ్లు మండింది. రంగులేసేవాళ్లకు పొద్దున్నే చాయ పోసి, పదింటికి మళ్లీ చాయ పోసి, వాళ్లు తెచ్చుకున్న సద్దిలోకి ఇంత పచ్చిపులుసు, ఇంత మామిడికాయ తొక్కు వేసి పంపిస్తే... చేసే పని ఇదా?

"విశాఖపట్నంల బంగళాలకు రంగులేసి వచ్చిండట. ఆడ గూడ గిట్లనే నడుమ నడుమ ఇడిసిపెట్టి వచ్చిండా ఏంది?" అని గొణుక్కుంది.

పేంటర్ సాంబయ్యది ధర్మసాగర్. చిన్నతనంలోనే విశాఖపట్నం వెళ్లి, సముద్రపు గాలికి పెచ్చులూడే గోడల మీద పని నేర్చుకుని వచ్చినవాడు. వాళ్లుండే మట్టెవాడలో డిస్టెంపర్ వేయించాలంటే అందరూ అతన్నే పిలిచేవారు, కూలి మాత్రం అందరికన్నా ఎక్కువ. అలాంటివాణ్ని తన భర్త సారంగపాణి తనంతట తానే వెంటబెట్టుకుని వస్తే రాజేశ్వరి మొదట నమ్మలేదు. సారంగపాణి ఎంగిలి చేత్తో కాకిని తోలే మనిషి కాడు. మిర్చి కమీషన్ దుకాణం బాగా నడిచిన ఏడు కూడా, దసరాకు ఇంటికి సున్నం వేయిద్దామంటే ‘వచ్చే ఏడు చూద్దాం’ అన్న మనిషి. ఆ మనిషి ఈసారి, "రంగు నువ్వే చూసుకో" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె ఎంత పొంగిపోయిందో! కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమెను అడిగి చేసిన పని అదొక్కటే. మరిది భార్య సుగుణను పక్కన నిలబెట్టుకుని, గోడ మీద మూడు రంగులు కొద్దికొద్దిగా పూయించి, ఒక రోజంతా చూసి చూసి లేత పసుపు ఖాయం చేసింది. సుగుణ అన్నిటికీ ‘మంచిగుందక్కా’ అంది. ముఖంలో సంతోషం లేదు. ఎండకు తలనొప్పి అనుకుంది పిచ్చి రాజేశ్వరి.

పనివాళ్లు అరుగు మీద అన్నాలు తింటున్నారు. రాజేశ్వరి కొంగు బిగించి, స్టూలు లాక్కుని ఎక్కి, డబ్బాలో బ్రష్ ముంచి ఆ జానెడు మేరా తానే పూసేసింది. చేయి అందినంత మేర ఒక గోడ, ఆ తర్వాత రెండో గోడ. జాకెట్ మీద రంగు చిందినా పట్టించుకోలేదు. దిగి చూసుకుంటే హాలంతా ఒక్కటైనట్టు కనిపించింది. ఆమెకు తృప్తిగా అనిపించింది.

చేయి కడుక్కుని లోపలికి వచ్చిన సాంబయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అయ్యో, ఏం పని చేసినవమ్మా... ఆడ ఎయ్యద్దు. రంగు మీద సిమెంటు పట్టది. గోడ కలిసే జాగ అని కావాల్ననే ఇడిసిపెట్టిన."

"ఏం గోడ?"

"అడ్డం గోడ. ఎల్లుండి సుతారి మొండయ్య వస్తాండు గద కట్టేతందుకు. పెద్దయ్యనే కొలత పట్టి గీత గీసి చూపిచ్చిండు. హాల్‌ల సగం చిన్నయ్యకు, సగం..." చెబుతూ చెబుతూ సాంబయ్య ఆమె ముఖం చూశాడు. అతని గొంతు తగ్గిపోయింది. "నీకు ఎర్కలేదా అమ్మా?"

రాజేశ్వరి పరాయి మనిషి ముందు పరువు పోగొట్టుకోలేదు.

"ఎర్కే... యాది మర్చిన. ఆరకముందే తుడిచెయ్యి సాంబయ్యా," అంది.

వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు కూలబడింది. ఇల్లు పంచుతున్నారు! రంగులేసే మనిషికి తెలుసు, ఎల్లుండి వచ్చే సుతారికి తెలుసు... పొద్దున లేచింది మొదలు ఈ ఇంట్లో అందరికీ వండి వార్చే తనకు తెలియదు. తాను కోడలుగా వచ్చిన ఏడే అత్తగారు పోయారు. అప్పటికి మరిది వీరభద్రం నిక్కరు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని తిరిగే పిల్లవాడు. వాడికి అమ్మవారు పోస్తే వేపమండలతో విసురుతూ తానే కూర్చుంది. వాడు పరీక్ష తప్పితే అన్న కొట్టబోతే అడ్డం పడి ఆ దెబ్బ తానే తిన్నది. తన కడుపున కాయ కాయలేదని ఊరంతా జాలిపడింది గానీ తాను ఒక్కనాడూ బాధపడలేదు... భద్రం ఉన్నాడు కదా! వాడికి ములుగు నుంచి సుగుణను తెచ్చి పెళ్లి చేసింది. వాడి పిల్లలిద్దరికీ నలుగు పెట్టి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. చిన్నదయితే ఇప్పటికీ తన చెవి పట్టుకుంటే తప్ప నిద్రపోదు. రేపు ఆ గోడ లేస్తే చిన్నది అటు, తాను ఇటు!

ఎవరి పని ఇది? ఇంకెవరిది? పెరట్లో చేటలో బియ్యం చెరుగుతున్న సుగుణ మీదకు ఆమె మనసు పోయింది. పోదా మరి? ఏ ఇంట్లో గోడ లేచినా ముందు చిన్నకోడలి పేరే వస్తుంది. అదొక ఆచారమైపోయింది మనకు. నెల నుంచి ఆ పిల్ల ముభావంగా ఉండటం, భద్రం తాను వడ్డిస్తుంటే తల ఎత్తకుండా తిని లేచిపోవటం, అన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయి.

విసురుగా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నేను నీకేం తక్కువ చేసిన సుగుణా? అడ్డం గోడ పెట్టిచ్చుకునేంత తప్పు ఏం చేసిన? నా ముంగట అంటే నేను వద్దందునా? దొంగతనంగ ఎందుకు?"

సుగుణ చేట కింద పెట్టింది. ఆమె ముఖంలో భయం లేదు. ఆశ్చర్యం ఉంది.

"గదేందక్కా... నువ్వే అడిగినవట గద."

"నేనా?"

"బావ చెప్పిండు. మార్కెట్ల పెద్దమనుషులను కూసోబెట్టి మీ మరిదితోని అన్నడట. ‘నాకైతే ఇష్టం లేదురా, మీ వదినె పోరు పడలేక అడుగుతాన. ఇంక నా తోటి కాదంటాంది, ఎవరి పిల్లల చాకిరి వాళ్లే చేసుకోవాల్నంటాంది’ అని." సుగుణ కళ్లు నిండాయి. "ఆ పొద్దు మీ మరిది అన్నం ముట్టలె. నీ కాళ్లు పట్టుకుని అడుగుదామనుకున్న నేను. అడగద్దని ఆయననే ఒట్టు పెట్టిండు. నువ్వు రంగు సంబురంగ చూస్తాంటే... నా కడుపుల ఎట్లున్నదో నీకేం తెలుసు అక్కా."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే! ఇల్లు పంచటం ఒక దెబ్బ. దాన్ని తన నోటితో పంచినట్టు చేయటం ఇంకో దెబ్బ. నెల రోజులుగా ఈ పిల్లలు తనను రాయి గుండె మనిషి అనుకుంటూ, తన చేతి అన్నం ఎట్లా మింగారో... ఏడుద్దామంటే ఆమెకు ఏడుపు రాలేదు. సుగుణనే దగ్గరకు తీసుకుని, "నిన్ను అనుమానించిన. మనసుల పెట్టుకోకు బిడ్డా," అంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అన్నదమ్ములిద్దరూ దుకాణం నుంచి వచ్చారు. హాల్లో రంగు వాసన ఘాటుగా ఉంది. సాంబయ్య తడిగుడ్డతో తుడిచి పోయాడు గానీ ఆ జానెడు మేరా పసుపు మరకలు ఇంకా పోలేదు. వీరభద్రం కాళ్లు కడుక్కుని లోపలికి పోబోతుంటే రాజేశ్వరి పిలిచింది.

"భద్రం, జర ఆగు. గోడ నేను పెట్టమన్నట్టు నువ్వు నమ్మినవా?"

వీరభద్రం అన్న వైపు చూశాడు. సారంగపాణి దొంగకు తేలు కుట్టినట్టు అక్కడే నిలబడి, భుజం మీది కండువా తీసి మడత పెట్టటం మొదలుపెట్టాడు.

"ఒక్కసారి వచ్చి నన్ను అడగకపోతివి గదరా. ‘వదినె, నువ్వు గిట్ల అన్నవా’ అని ఒక్క మాట..."

"ఎట్ల అడుగుత వదినె?" అన్నాడు వీరభద్రం. "అడిగితే నువ్వు అవునంటవేమోనని భయమైంది. అన్న నోట విన్న మాట అబద్ధమన్న అయితదని ఇన్ని రోజులు బతికిన. నీ నోట వింటే ఏం జేస్తును?"

వాడు చిన్నప్పటిలాగే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. రాజేశ్వరి భర్త వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఆమె ఆయన్ను నిలదీసింది లేదు.

"నా పేరెందుకు చెప్పిన్రు?"

సారంగపాణి కండువా మీదే చూపు పెట్టి అన్నాడు.

"మనకు ముందా ఎనకా? రేపు నాకేమన్న అయితే నీకేం మిగుల్తది? సంపాయించింది, వండింది అంత వాళ్లకే పోస్తివి. సగం ఇల్లన్న నీదని ఉండాల్నని... నీ కోసమే చేసిన."

"నా కోసం చేస్తే నాకు చెప్పకపోదురా? నేనడిగింది గది కాదు. నా పేరెందుకు చెప్పిన్రు?"

"నేనడిగితే వాడు పెద్దమనుషుల ముంగట కొట్లాడుతుండె. నీ పేరు చెప్తే మారుమాట్లాడడని తెలుసు."

అంత నెమ్మదిగా, లెక్క చెప్పినట్టు చెప్పాడు. రాజేశ్వరి గోడకు ఆనుకుంది. పసుపు రంగు ఆమె చీరకు అంటుకుంది. తాను జీవితమంతా పోసి పెంచుకున్న ప్రేమ ఉంది చూశారూ, దాన్నే కత్తి చేసి ఆ ప్రేమను కోశాడు ఈ మనిషి! పరాయివాడు మోసం చేస్తే కోర్టుకు పోవచ్చు, పదిమందిలో తిట్టవచ్చు. పక్కలో పడుకునే మనిషి చేస్తే ఏ గడప ఎక్కాలి? ఆమెకు కోపం కన్నా సిగ్గే ఎక్కువ కలిగింది. ఇన్నాళ్లు ఈయన తక్కువ మాట్లాడతాడు గానీ మనసు మంచిదని చుట్టపక్కాలందరికీ చెప్పుకున్నందుకు సిగ్గు.

"భద్రం," అంది. "ఇప్పుడు తెలిసె గద. సుతారిని వద్దని చెప్పు."

వీరభద్రం వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నువ్వు అనలేదని తెలిసింది, నాకు గది చాలు వదినె. గని అన్న అడిగిండు గద. నీ పేరు చెప్పి అడిగినా, మనసు మాత్రం అన్నదే. కలిసుండుడు వద్దన్న ఇంట్ల ఎట్లుండాలె? దుకాణం లెక్కలు గూడ పోయిన నెలనే వేరుజేసుకున్నం. ఇగ కలిసుంటే రోజూ ఒకరి ముఖం ఒకరు అనుమానంగ చూసుకునుడే. నన్ను బలిమి చెయ్యకు."

ఆమె వాడి తల మీద చెయ్యి వేసింది. కాదనలేకపోయింది. వాడు చెప్పింది నిజమని ఆమెకూ తెలుసు. పెంచినది తానే కాబట్టి ఆ అభిమానమూ తానిచ్చినదే. అప్పటికి ఆమెకు ఏడుపు వచ్చింది. సుగుణ వచ్చి పక్కన కూర్చుంది. ఆ ముగ్గురినీ చూస్తూ సారంగపాణి నిలబడే ఉన్నాడు. ఆయన్ను ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

చెప్పిన రోజుకు సుతారి మొండయ్య వచ్చాడు. ఈలోగా రాజేశ్వరి ఇంటిపనులన్నీ ఎప్పటిలాగే చేసింది. భర్తకు చాయ ఇచ్చింది, అన్నం పెట్టింది. మాట మాత్రం మాట్లాడలేదు. మొండయ్య గచ్చు మీద దారం పట్టి ఇటుకలు పేర్చబోతుంటే ఆమె వచ్చి నిలబడింది.

"నడుమ దర్వాజ ఇడువు," అంది.

మొండయ్య సారంగపాణిని చూశాడు. సారంగపాణి వీరభద్రాన్ని చూశాడు. వీరభద్రం వదినెను చూసి, సరేనన్నట్టు తలూపాడు. అటువైపు చేరేసిన సామాన్ల మధ్య నిలబడ్డ చిన్నది ఒక్క పరుగున వచ్చి పెద్దమ్మ కొంగు పట్టుకుంది.

"పెట్టచ్చమ్మా," అన్నాడు మొండయ్య. "గని గొళ్లెం ఏ దిక్కు పెట్టాల్నో ఇప్పుడే చెప్పున్రి, దర్వాజ చేసే వడ్లాయనకు చెప్పాలె. వేరువడ్డ ఇండ్లల్ల రెండు దిక్కుల పెట్టిచ్చుకుంటరు. ఎవలు అనుకుంటే వాళ్లు ఏసుకోవచ్చు."

"రెండు దిక్కుల పెట్టు," అన్నాడు సారంగపాణి.

"వద్దు," అంది రాజేశ్వరి. "వాళ్ల దిక్కు ఒక్కటే పెట్టు. మా దిక్కు వద్దు."

"ఎందుకట్ల?" ఆయన నెమ్మదిగా అడిగాడు. "రేపు మనకు అక్కెర పడితే?"

ఆ సాయంత్రం తర్వాత మొదటిసారి ఆమె భర్త ముఖంలోకి సూటిగా చూసింది.

"మన దిక్కు ఉంటే, ఎప్పుడో ఒకనాడు మీరే ఏసి... రాజేశ్వరి ఏసిందని చెప్తరు."