కుడివైపు మాటలు

ఉదయం పది దాటి ఎనిమిది నిమిషాలకు ఆ ఇంటి తలుపు మీద మూడుసార్లు తట్టారు. ఆగి, మరోసారి తట్టారు. ఆ రోజుకి గుర్తు అదే. అందుకే లోపలున్న గార్డు తలుపు తీశాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ మొదట అతని భుజాన్ని చీల్చింది. తర్వాత అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న రేవు ఇంజనీరు గుండెలోకి రెండు గుండ్లు దించింది. వచ్చినవాళ్లు ఎలా వచ్చారో అలాగే వెళ్లిపోయారు. మాస్టారు అక్కడికి చేరేసరికి ఇంజనీరు ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప మీద నురగ ఇంకా ఆరలేదు.

మాస్టారు అన్నది డిపార్ట్‌మెంట్‌లో ఆయనకు స్థిరపడిపోయిన పేరు. మందపాటి కళ్లద్దాలు, కాస్త ముందుకు వంగిన భుజాలు, ఎవరిని చూసినా లెక్క తప్పు చేశావన్నట్టు పెట్టే ముఖం. ఇరవై రెండేళ్లుగా ఆయన గూఢచారి అని ఎవరూ అనుకోకపోవడానికి ఆ వాలకమే కారణం.

"ఈ ఇల్లు ఎంతమందికి తెలుసు?" అన్నాడు పెద్దాయన. డిపార్ట్‌మెంట్‌కి అధిపతి ఆయన. గొంతు పెంచకపోతేనే భయపడాల్సిన మనిషి. ఇప్పుడు గొంతు పెంచలేదు.

"గార్డు కాక నలుగురికి. మీకు, నాకు, డ్రైవర్‌కి, దుబాసికి."

"తట్టే గుర్తు?"

"ఆ నలుగురికే. పొద్దున గ్రూప్‌లో పెట్టాం."

ఆ గ్రూప్ పేరు 'ఇంటి సామాను'. పైకి చూస్తే ఎవరో ఇల్లు మారుతున్నట్టుంటుంది. బీరువా అంటే సాక్షి. గోడౌన్ అంటే సాక్షిని దాచే ఇల్లు. రేవులోని ఇంధన ట్యాంకులను పేల్చడానికి ఒక విదేశీ ముఠా వేసిన పథకాన్ని మొదట పసిగట్టినవాడు ఈ ఇంజనీరు. ఆ పథకం నక్షాలకు రహస్యంగా నకళ్లు గీసింది ఆయన చెల్లెలు. మర్నాడు న్యాయమూర్తి ముందు చెప్పడానికి ఇక మిగిలింది ఆమె ఒక్కతే.

"మెసేజీలు దారిలో ఎవరైనా చదివారా?"

"కుదరదు సార్. ఇక్కడ తాళం పడితే అవతలి ఫోన్లోనే తెరుచుకుంటుంది. మధ్యలో మోసే సర్వర్‌కి కూడా ఏమీ అర్థం కాదు."

"అయితే చెప్పింది మనిషే." పెద్దాయన నేల మీది గాజు పెంకును బూటుతో పక్కకు నెట్టాడు. "నీ ఫోనూ దుబాసి ఫోనూ ల్యాబ్‌కి పంపించు. ఆ పిల్లను డ్రైవర్ వ్యాన్‌లో ఊరంతా తిప్పుతుంటాడు. ఇల్లు నేనే వెతుకుతాను, ఎవరికీ చెప్పను. నాలుగింటికి గ్రూప్‌లో అడ్రస్ పెడతాను, డ్రైవర్ నేరుగా వస్తాడు. మా ఇద్దరి సిమ్‌లకి కాల్స్ రావు, గుర్తుందిగా. ఆలోపు దుబాసి చేత నిజం కక్కించు."

దుబాసి అంటే వయసు మళ్లిన పండితుడెవరో అనుకుంటారు. కానీ ఆమె గదిలోకి వస్తే మగవాళ్లు సగం మాటలో ఆగిపోతారు. ఏడు భాషలు వచ్చు. రెండేళ్లుగా ముఠాలో చేరి, వాళ్లకు నమ్మకస్తురాలిగా నటిస్తూ ఇక్కడికి కబుర్లు మోస్తోంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి మీదే ఎవరి అనుమానమైనా మొదట పడుతుంది. పదకొండింటికి తనంతట తానే డిపార్ట్‌మెంట్‌కి వచ్చినా, ఆమెను కిటికీ లేని గదిలో కూర్చోబెట్టి తాళం వేశారు.

రెండున్నరకు మాస్టారు ఆమె ఎదుట కుర్చీ లాక్కున్నాడు.

"నేను చెప్పాలనుకుంటే, నా పేరు పైకొచ్చేలా చెబుతానా మాస్టారూ?" అంది ఆమె.

"తెలివైనవాళ్లు అలాగే చెబుతారు."

"అయితే ఇది వినండి. పొద్దున పదిన్నరకు ముఠా నాయకుడి బల్ల మీద ఒక కాగితం చూశాను. మన గ్రూప్ బొమ్మ. స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ చేసుకున్నారు. ప్రతి మాట కింద వాళ్ల భాషలో అనువాదం ఉంది, మెషీన్‌తో చేయించింది. బీరువా అని ఉన్నచోట 'ఇనప దుస్తుల గది' అని రాసుంది. పక్కనే నేనున్నా నన్ను అడగలేదు. అంటే నన్ను నమ్మడం మానేశారు. ఇక్కడ మీరూ మానేశారు."

"కాగితం మీద ఇంకేముంది?"

ఆమె కళ్లు మూసుకుంది. ఒకసారి చూసింది మరిచిపోని మనిషి. "అడుగున కంప్యూటర్ పట్టీ ఉంది, గడియారంతో సహా. ఫోన్ కాదు అది. మెసేజీలన్నీ ఎడమవైపు. ఒక్కటి మాత్రం కుడివైపు, ఆకుపచ్చ గడిలో. 'బీరువా క్షేమంగా దిగింది' అని."

మాస్టారు చేతిలోని పెన్ను ఆగింది.

మెసెంజర్‌లో అవతలివాళ్ల మాటలు ఎడమవైపు కనిపిస్తాయి. కుడివైపు కనిపించేవి మన సొంత మాటలు. ఆ బొమ్మ ఎవరి కంప్యూటర్‌లో తీశారో, కుడివైపున్న మాట వాళ్లదే అయి ఉండాలి. 'బీరువా క్షేమంగా దిగింది' అని నిన్న సాయంత్రం కొట్టింది ఆయనే.

గ్రూప్‌ని కంప్యూటర్లకు కలపకూడదని రూలు. పాత గాయంతో ఎడమచేతి రెండు వేళ్లు బిగుసుకుపోయి, ఫోన్ మీద అక్షరాలు కొట్టలేక, ఇంట్లో హాల్లో ఉన్న కంప్యూటర్‌కి ఆయన పది రోజుల క్రితం కలుపుకున్నాడు. పది రోజులే కదా అనుకున్నాడు. ఆ పది రోజుల్లో ఒక మనిషి సగం గడ్డంతో నేలకొరిగాడు.

నోరు మూసుకుంటే చాలు, నేరం ఎదురుగా ఉన్న ఆమె నెత్తిన పడుతుంది. ఆ ఆలోచన వచ్చింది. ఆయన లేచి గది తలుపు తీశాడు.

"లేవండి. తప్పు మీది కాదు, నాది," అన్నాడు. "నా ఫోన్ ల్యాబ్ వ్యాన్‌లో ఉంది. వాళ్ల పట్టు వదిలించాలంటే ఆ ఫోన్లోంచే తీసేయాలి. అది ఇక్కడికి రావడానికి రెండు గంటలు. గ్రూప్‌లో ఒక్క ముక్క చెప్పగలిగేది ఇప్పుడు ఆ కంప్యూటర్ ఒక్కటే."

"అందులో మీరేం చెప్పినా వాళ్లూ చదువుతారు."

"చదువుతారు. పదండి."

*

సొంత ఇంటికి మారువేషంలో వెళ్లాల్సిన రోజు వస్తుందని మాస్టారు ఏనాడూ అనుకోలేదు. వీధిలో ఎవరైనా కాపు కాస్తుంటే? వాషింగ్ మెషీన్ మెకానిక్ యూనిఫాం, పెట్టుడు మీసం, చేతిలో టూల్ బాక్స్. వెనకాల అదే కంపెనీ టోపీ కింద జుట్టు దోపుకున్న దుబాసి. వీధి ఖాళీగా ఉంది. ఎదురింటి మేడ మీద మాత్రం ఒక కర్టెన్ ఊగి ఆగింది. గాలే కావచ్చు.

తలుపు తీసిన అక్క ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఏంట్రా తమ్ముడూ, ఆ మీస..."

ఆయన వేలు పెదాలమీద పెట్టాడు. అక్క మాట మింగేసింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. లైన్ మీద మూడో ప్రాణి ఉన్నప్పుడు మాట్లాడకూడదని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

హాల్లో కంప్యూటర్ వెలుగుతోంది. దాని కెమెరాకు కనపడకుండా గోడ వెంబడి నడిచి, మాస్టారు పెన్నులాంటి పరికరాన్ని ఇంటర్నెట్ వైరుకు తగిలించాడు. బయటికి సమాచారం పోతుంటే దాని మొనన ఎర్రదీపం వెలగాలి. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. మౌస్ కదల్లేదు. దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది. ఎవరో తీరుబడిగా ఊపిరి పీలుస్తున్నట్టు.

ముగ్గురూ వంటగదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, కుళాయి తిప్పి, కాగితం మీద మాట్లాడుకున్నారు.

'ఇందులో ఏం వేశావు?' అని రాశాడు మాస్టారు.

అక్క కింద రాసింది. 'పన్నెండు రోజులైంది. నాతో పనిచేసిన సరళ మెసేజ్ పెట్టింది. మెసెంజర్ పాతబడింది, ఇది వేసుకోమని. నొక్కాను. తర్వాత సరళ ఫోన్ చేసి, నా అకౌంట్ ఎవరో కాజేశారే, ఏమొచ్చినా నొక్కకు అంది. అప్పటికే నొక్కేశానని నీకు చెప్పడానికి సిగ్గేసింది.'

మాస్టారు ఆ ఆఖరి వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. కోపం రాలేదు. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు కదా.

మూడు నలభై తొమ్మిది.

'కంప్యూటర్ ఆపేస్తే?' అక్క రాసింది.

దుబాసి తల అడ్డంగా ఊపింది. 'మీ తమ్ముడి మెసెంజర్‌కి వాళ్ల దగ్గర ఈపాటికి నకలు ఉంటుంది. ఇది ఆపినా అది నడుస్తుంది. అడ్రస్ పెట్టొద్దని సూటిగా చెబితే జాగ్రత్తపడి మాయమవుతారు. చంపినవాళ్ల ముఖాలు మనకి తెలియవు. రేపు కోర్టు మెట్ల మీద మళ్లీ వస్తారు.'

'పెద్దాయనకు అర్థం కావాలి. మెషీన్‌కి కాకూడదు,' అని రాశాడు మాస్టారు.

ఆమె పెన్ను అందుకుంది. రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. ఇనప దుస్తుల గది అని అనువదించిన యంత్రానికి ఏ మాట నోరు తిరగదో ఆమె కంటే ఎవరికి తెలుసు? ఆఖరికి ఒకటిన్నర వరుస మిగిలింది. మాస్టారు చదివాడు. ఆ పరిస్థితిలోనూ పెట్టుడు మీసం కింద పెదవి కదిలింది.

మూడు యాభై ఆరు. ఆయన హాల్లోకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. యూనిఫాం మార్చుకున్నాడు, మీసం జేబులో ఉంది. కెమెరా అవతల ఎవరైనా ఉంటే, ఇంటికి తొందరగా వచ్చిన ఉద్యోగి కనిపించాలి. ఒక్క అక్షరం తప్పు కొట్టి చెరిపినా, ఆ చెరిపింది కూడా వాళ్లకు తెలుస్తుంది. తడబాటును మించిన సంజ్ఞ ఉండదు.

గ్రూప్‌లో పెద్దాయన పేరు కింద 'టైప్ చేస్తున్నారు' అని కదిలింది.

నాలుగు నిమిషాలు ముందే.

బిగుసుకున్న వేళ్లతో మాస్టారు కొట్టడం మొదలుపెట్టాడు. 'బీరువాకి పక్కలో బల్లెం తగిలింది.' అవతల పెద్దాయన ఇంకా కొడుతూనే ఉన్నాడు. 'గోడౌన్ కొలతలు...' చెమట కళ్లద్దాల మీదికి జారింది. 'కాకిలెక్కల్లో చెప్పండి.' ఎంటర్ నొక్కాడు. మాట కుడివైపు, ఆకుపచ్చ గడిలో పడింది.

పెద్దాయన పేరు కింద కదలిక ఆగిపోయింది.

ఇరవై సెకన్లు. ఎర్రదీపం వెలిగింది, ఆరింది. వంటగదిలో కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు. పక్కలో బల్లెం అంటే పక్కనే శత్రువు. కాకిలెక్క అంటే ఉత్తుత్తి లెక్క. ఇది పెద్దాయనకు తెలియకపోవడమేమిటి? కానీ హడావుడిలో ఉన్న మనిషి చదువుతాడా, లేక చూసి వదిలేసి, సగం కొట్టిన అడ్రస్‌నే పంపేస్తాడా?

మెసేజ్ వచ్చింది. 'రైలు గేటు దాటాక ఎడమ సందు. పదిహేడో నంబరు. వెనక తలుపు. రెండుసార్లు, ఆగి రెండుసార్లు.'

డ్రైవర్ నుంచి 'సరే సార్' అని ఒక్క మాట వచ్చింది.

మాస్టారికి ఆ సందు తెలుసు. ఆ సందులో ఇళ్లు లేవు. పొడుగాటి ప్రహరీ గోడ ఒకటుంది. ఆ గోడకున్న వెనక తలుపు మీదే పదిహేడు అని రాసి ఉంటుంది. అది తెరిస్తే నేరుగా రిజర్వ్ పోలీసులు తుపాకీ గురి నేర్చుకునే మైదానంలోకి దారి.

డ్రైవర్‌కీ కాకిలెక్క అర్థమైంది, వ్యాన్ అటు రాలేదు. నాలుగు ఇరవైకి ఇద్దరు మనుషులు ఆ తలుపు రెండుసార్లు తట్టి, ఆగి, మళ్లీ రెండుసార్లు తట్టారు. లోపలి నుంచి నలభై మంది తలుపు తీశారు.

*

మర్నాడు ఇంజనీరు చెల్లెలు మూడు గంటలసేపు సాక్ష్యం చెప్పింది. నక్షాలన్నీ చేత్తో మళ్లీ గీసి చూపించింది. బయటికొచ్చాక వరండాలో మాస్టారు ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"మీ అన్నయ్య ఉన్న ఇంటి దారి వాళ్లకు నా కంప్యూటర్ వల్లే తెలిసింది," అన్నాడు. "అది ఇంకెవరి నోటా మీరు వినకూడదని వచ్చాను."

ఆమె ఆయన బిగుసుకున్న వేళ్లను చూసింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది. క్షమించానని అనలేదు. ఆయన కూడా అడగలేదు.

పెద్దాయన ఆయన్ను ఆరు నెలలు పక్కనపెట్టాడు. దుబాసికి కొత్త పేరు, కొత్త దేశం ఇచ్చారు. ముఠా నాయకుడు ఏడో రోజున విమానం మెట్ల మీద దొరికాడు. ల్యాబ్‌వాళ్లు అతని కంప్యూటర్ విప్పి, ఆ సాయంత్రం నాలుగు గంటలకు అతను ఇంటర్నెట్‌లో ఏం వెతికాడో ఫైల్లో రాసిపెట్టారు. మూడుసార్లు, మూడు రకాలుగా, అతను వెతికింది ఒకటే: ఒక కాకికి ఎన్ని అడుగులు?