పళ్ళెం పడితే పరుగెత్తుకొచ్చిన పెద్దమనిషి

పళ్ళెం నేలమీద పడి ఖంగుమంది. పెద్దమనిషి అనే నాలుగేళ్ళ కుక్క ఉలిక్కిపడలేదు సరికదా, తోక ఊపుకుంటూ వెళ్ళి బేకరీ అబ్బాయి జేబు వాసన చూసింది.

"ఇదేంటండీ?" అంది పరీక్ష చేస్తున్న అమ్మాయి.

"ధైర్యమండీ. మా పెద్దమనిషికి భయమంటే తెలీదు."

"జేబులో ఏముంది?"

"జేబురుమాలు."

"జేబురుమాలు వెన్న వాసనొస్తుందా?"

బిస్కెట్ బయటికొచ్చింది. బేకరీ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంట్లో పళ్ళాలు పడేసి ప్రాక్టీస్ చేయించారు కదూ?"

మూల కుర్చీలోంచి అతని తల్లి అందుకుంది. "పళ్ళాలొక్కటేనా! మూతలు, బకెట్లు, గొడుగు కూడానమ్మా. మా ఇంట్లో రోజూ కొట్టుకుంటున్నారని కింద వాటా వాళ్ళు జాలిపడుతున్నారు."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. కానీ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"ఉలిక్కిపడటం తప్పు కాదండీ. ఎంత త్వరగా తేరుకుంటుంది, తేరుకుని భయపెట్టినదాని దగ్గరికే మళ్ళీ వెళ్తుందా అన్నదే పరీక్ష. మీరు నేర్పేసరికి దాని అసలు స్వభావం నాకు కనబడలేదు. తెలియకుండా అమ్మగారి పక్కన ఎలా నిలబెట్టను?"

అతను తల్లి వైపు చూశాడు. తల్లికి ఉన్నట్టుండి కళ్ళు తిరుగుతాయి. పోయిన నెల వెలుగుతున్న స్టవ్ పక్కనే పడిపోయింది. తెల్లవారుజామునే అతను బేకరీకి వెళ్ళాలి. పక్కన కాచుకునేందుకు, పడిపోతే మనుషుల్ని పిలిచేందుకు ఒక కుక్క కావాలి. కుక్కల ఆశ్రమంలో ఎవరూ కోరని ఈ కుక్కను తెచ్చుకున్నది అందుకే. ఈ పరీక్ష నెగ్గితేనే దానికి ఆ పని నేర్పుతారు.

"వచ్చేవారం మళ్ళీ చూస్తాను. ఏం పడేస్తానో చెప్పను. మీరు గదిలో ఉండకూడదు."

ఆ వారమంతా అతనికి అన్నం సహించలేదు. ఏదో ఒక వంకతో కేకు పట్టుకుని ఆమె ఆఫీసుకు వెళ్ళేవాడు.

"కేకు కుక్కకా?" అంది ఆమె.

"పరీక్ష పెట్టేవాళ్ళకి."

"లంచమా?"

"కాదండీ, కంగారు. కంగారొస్తే నేను కేకులు చేస్తాను."

"అయితే రేపు కూడా కంగారు పడతారేమో?" అనేసి, గభాలున ఫైల్లోకి తల దించుకుంది.

పరీక్ష రోజు వాన. తల్లీకొడుకులు తలుపు బయట బల్లమీద కూర్చున్నారు. లోపల ఏదో పెద్దగా మోగింది. వెంటనే కుక్క కుయ్యిమంది. ఆపైన వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

అతను లేచి గడియ మీద చెయ్యి వేశాడు.

"కూర్చోరా! తలుపు తీశావంటే వాడితోపాటు నువ్వూ ఫెయిలే," అంది తల్లి.

చాలాసేపటికి తలుపు తీసుకుని, కుక్కతో సహా ఆ అమ్మాయి బయటికొచ్చింది. ఆమె చేతిలో గోళీలు నింపిన రేకు డబ్బా ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"బల్ల కిందికి దూరాడు. వణికాడు. తర్వాత పొట్ట నేలకానించి పాకుతూ వచ్చి డబ్బా వాసన చూశాడు. నా చెప్పు మీద గడ్డం ఆనించాడు." పొద్దుటిదాకా 'అది' అన్న అమ్మాయి 'వాడు' అంటోంది. "పాసయ్యాడు. ఇవాళ్టి నుంచి ఆరు నెలలు మా దగ్గరే ట్రైనింగ్."

ఇవాళ్టి నుంచే! ఆ సంగతి ముందే తెలుసు. అయినా అతని గుండె జారింది. మనిషయితే వెళ్ళొస్తానంటాడు. కుక్కకు ఆ మాటైనా రాదు.

"తిరిగొస్తాడుగా?"

"నేనే తీసుకొచ్చి దింపుతాను."

"దింపి వెళ్ళిపోతారా?"

"మరి?"

"వెళ్ళకండి," అన్నాడు అతను. "అంటే... నాకు మీరంటే ఇష్టం."

డబ్బా ఆమె చేతిలోంచి జారిపడింది. గోళీలు నేలంతా దొర్లాయి. పెద్దమనిషి ఎగిరి గంతేసింది. ఆమె వెనక్కి జరిగి గోడకు ఆనుకుపోయింది.

చెడగొట్టాను అనుకున్నాడతను. కుక్కా పోయె, మనిషీ పోయె.

"కంగారు పడకురా," అంది తల్లి మెల్లగా. "ఉలిక్కిపడటం తప్పు కాదని ఆ అమ్మాయే కదా చెప్పింది."

ముందుగా పెద్దమనిషి తేరుకుంది. వచ్చి డబ్బా వాసన చూసింది.

తర్వాత ఆమె గోడ వదిలింది. గోళీలు తప్పించుకుంటూ నెమ్మదిగా నడిచి, సరిగ్గా అతని ఎదుటికొచ్చి చెయ్యి చాపింది.

"నా బిస్కెట్ ఏదీ?"