గంజి పెట్టిన స్వెటర్

"గా సూదులు ఎన్నడో ఒకనాడు కంట్లె గుచ్చుకుంటయి బిడ్డా. కన్ను పోయిన పిల్లను ఎవలు చేసుకుంటరు?"

తల్లి దేవవ్వ ఈ మాట అన్నప్పుడు అనసూర్య కంట్లో నలుసైనా లేదు. అరుగు మీద కాళ్లు చాపుకొని, ఒళ్లో ఊలు ఉండ పెట్టుకొని, సూదుల వంక చూడకుండానే అల్లుతోంది. పక్కన గంగుబాయి, బాలలక్ష్మి కూడా అదే పని మీద ఉన్నారు. బడిలో క్రాఫ్టు టీచరమ్మ నేర్పిన దగ్గర్నుంచి ఆసిఫాబాద్ సాలెవాడ ఆడపిల్లలకు ఇదే లోకమైంది. ఒకరిది పడవ మెడ, ఒకరిది కోసు మెడ. బడి ముగించి పంతొమ్మిదో ఏట ఉన్న అనసూర్యది అందరికన్నా కొత్త ఫ్యాషన్. నిండు చేతులు, ఛాతీ మీద పైనుంచి కిందికి రెండు జడల అల్లికలు.

"చూడకుంటనే అల్లుతున్న గదనే అవ్వా."

"గదే నా భయం. చూడకుంట చేసిన పని ఏది మంచిగ కాదు."

దేవవ్వ నేత ఇంట్లో పుట్టి నేత ఇంటికే కోడలుగా వచ్చింది. ఒక్క కొస పట్టి లాగితే మొత్తం ఊడివచ్చే బట్టను ఆమె ఎట్లా నమ్ముతుంది?

ఊలు తెచ్చిచ్చేది కైలాసం. కాగజ్‌నగర్ బస్సు కండక్టరు. వేములవాడ దిక్కు పద్మశాలీల పిల్లవాడు. ఎదురింట్లో గది కిరాయికి తీసుకున్న రోజే దేవవ్వ ముందుజాగ్రత్త పడింది.

"నన్ను చిన్నమ్మా అని పిలువు బిడ్డా" అంది.

చిన్నమ్మ కూతురు చెల్లెలవుతుంది. చెల్లెలైతే ఇక ఏ ఫికరూ ఉండదు. కైలాసం నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమెను ఏ వరుసతోనూ పిలవలేదు. "ఉన్నరా ఇంట్ల?" అనేవాడు. "జర మంచినీళ్లు" అనేవాడు. అంతే. పొగరు, అనుకుంది దేవవ్వ.

ఒకనాడు ముసురు పట్టిన సాయంత్రం అతను తడిసిన టోపీ కింద ఊలు పొట్లం దాచుకొని వచ్చాడు.

"గిదేం రంగు?" అంది అనసూర్య. "నేను చెప్పింది బాటిల్ గ్రీను. గిది చిలుకపచ్చ."

"దుకాణంల దీపం సక్కగ లేకుండె."

"రంగులు తెల్వనోళ్లు టికెట్లు ఎట్ల గుర్తు పడుతరో."

"నేను టికెట్లు గుర్తు పెట్టుకోను, మొఖాలు గుర్తు పెట్టుకుంట. మీరు ఒక్కసారి బస్సెక్కుండ్రి, జిందగీ అంత యాదికుంటరు."

"అబ్బ. మాటలకు టికెట్ లేదు మీకు."

"ఇంతకు గీ అల్లేది ఎవలికి?"

"మా బాపుకు."

"మీ బాపు చేతులు గంత పొడుగా?"

అనసూర్య మొదటిసారి సూదుల వంక చూసింది. చూసిన క్షణానే కుట్టు జారిపోయింది.

"తొలి బస్సు ఫుట్‌బోర్డు మీద చలి ఎట్లుంటదో మీకు తెల్వది" అన్నాడతను మెల్లగా.

"చలైతె లోపట కూసోరాదుండ్రి."

"లోపట కూసుంటె మీ అరుగు కనబడది."

తలుపు వెనక దేవవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. రాత్రికి మొగని భుజాల మీద జానతో కొలిచి చూసింది. స్వెటర్ ఆయన కన్నా జానెడు వెడల్పు.

"ఏమయ్యా, పిల్ల బదనాం అయితది. వింటున్నవా?"

అంబదాస్ వినలేదో, విన్నా చెప్పలేదో. మగ్గం మీద నూలు కండెతో నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. మగ్గం నడుస్తుంటే ఆయనకు నోరు నడవదు.

స్వెటర్ పూర్తయింది. అనసూర్య దాన్ని దిండు కింద పెట్టుకొని పడుకోవడం చూశాక దేవవ్వకు ఒక సంగతి అర్థమైంది. పిల్ల మనసు అప్పుడే ఎదురింట్లో ఉంది. ఇక ఆమె భయం అటు నుంచి ఇటు తిరిగింది. వాడు వద్దంటే? సాలోళ్ల ఇంట్ల అల్లిన బట్ట గింత మెత్తగ వేలాడుతుందేందని నవ్వితే?

అనసూర్య బాలలక్ష్మి ఇంటికి పోయిన పూట చూసి దేవవ్వ స్వెటర్ తీసింది. తమ మగ్గం మీద పడుగుకు పెట్టినట్టే చిక్కటి గంజి పెట్టింది. నాలుగు దిక్కులా లాగి, ముడత లేకుండా దండెం మీద ఆరేసింది. బిడ్డకు తన చేతనైన మేలు చేశాననుకుంది.

అనసూర్య వచ్చేసరికి స్వెటర్ రేకులా బిగుసుకుపోయి ఉంది. రెండు జడలూ సజ్జ రొట్టెల్లా అణిగిపోయాయి. కింద నిలబెడితే దానంతటదే నిలబడింది.

"ఊలుకు గంజి పెడుతరానే అవ్వా?"

"మంచిగ నిలువాలెనని బిడ్డా. మళ్ల నీళ్లల్ల నానబెడుత."

"వద్దు. ముట్టకు. రేపు ఆయనకిద్దామనుకున్న."

ఆయన. ఆ మాట విని దేవవ్వ కూలబడింది. పిల్ల ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. స్వెటర్ మళ్లీ దండెం మీద వేసి, సూదులు రెండూ చూరులో గుచ్చి, అన్నం తినకుండా పడుకుంది.

తెల్లవారి లేచి చూస్తే దండెం మీద స్వెటర్ లేదు. దేవవ్వ ముందు బావిలోకి తొంగి చూసింది. తర్వాత కూతురు పక్క దగ్గరికి ఉరికింది. పిల్ల ముసుగు తన్ని పడుకునే ఉంది. దొంగలు పడ్డరనుకుందామంటే చెంబు కూడా పోలేదు. ఆ పగలంతా ఆమె చేతికి పని అంటలేదు.

సాయంత్రం బస్సు వచ్చినంక వాడకట్టంతా నవ్వులు. కైలాసం నడిచి వస్తున్నాడు. ఒంటి మీద ఆకుపచ్చ స్వెటర్. చేతులు కిందికి దిగక, చేన్లో దిష్టిబొమ్మలా చాపుకొని నడుస్తున్నాడు. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరుగుతున్నాడు.

"గిది నీకెట్ల ముట్టింది?" అంది దేవవ్వ.

లోపల మగ్గం ఆగింది.

"నేనే ఇచ్చిన" అన్నాడు అంబదాస్. "తొలి బస్సుకు పోతుంటె పిలిచి ఇచ్చిన. గిది నా కొలత గాదని పిల్లకు తెల్వదా, నాకు తెల్వదా?"

తలుపు వెనక గాజులు కదిలాయి. అనసూర్య నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"పాడైంది. విప్పి ఇయ్యండ్రి" అంది లోపలి నుంచే. "ఊడదీసి మళ్ల అల్లుత."

"వద్దు. ఇయ్యాల చలి నా దగ్గరికే రాలే" అన్నాడు కైలాసం. "వాకిట్లనే ఆగిపోయింది."

దేవవ్వ అతని ముందుకొచ్చి నిలబడింది.

"ఒక్కటడుగుత బిడ్డా. చిన్నమ్మా అని పిలువుమంటి. యాడాదైతుంది. ఒక్కనాడన్న పిలువకపోతివి. ఎందుకు?"

కైలాసం నవ్వలేదు. నేల వంక చూద్దామనుకున్నాడు గాని మెడ వంగలేదు. ఎదురుగా దేవవ్వ ముఖమే ఉంది. మగ్గం మళ్లీ మొదలు కాలేదు. తలుపు వెనక గాజులు కదలడం లేదు. చెయ్యి దించబోతే మోచేతి దగ్గర గంజి పటుక్కుమంది. ఎవరూ నవ్వలేదు.

అతను చేతులు అట్లాగే చాపుకొని దేవవ్వ ముఖంలోకే చూశాడు.

"అట్ల పిలిస్తె అనసూర్య నాకు చెల్లె అయితది గద, అత్తమ్మా."