డిక్షనరీ గారి మూడు విండోలు

"నా విండో మూసిన మహానుభావుడెవరు?"

ఆ కేకకి ఆఫీసులో తలలన్నీ లేచాయి, ఒక్క తల తప్ప. అది ప్రోగ్రామరుది. అది మూసుకోవడం అతని నిర్వాకమే.

కేక వేసింది అనువాదకురాలు. మందుల పెట్టెల్లో పెట్టే వాడకపు కాగితాలు అనువదిస్తుంది. ఏ మాట అడిగినా అర్థం చెబుతుందని అందరూ ఆమెను డిక్షనరీ అంటారు. ఆమె వాడే టెక్స్ట్ ఎడిటర్‌కి ఎవరి అవసరం వాళ్ళు ప్రోగ్రాం రాసి నేర్పుకోవచ్చు. తెర మీది విండోలు వాటంతటవే సర్దుకునేలా దానికో ఎక్స్‌టెన్షన్ రాసి, ఆ ఉదయమే పెట్టాడు మన ప్రోగ్రామరు. అది ఆమె కోసమే రాశాడన్న సంగతి మాత్రం పైకి చెప్పలేదు.

"పది నిమిషాలు టైప్ చేయకపోతే, వాడటం లేదనుకుని మూసేస్తుందండీ," అన్నాడు నెమ్మదిగా.

"ఎడమవైపున్నది అసలు కాగితం. దాన్ని చదువుతాను బాబూ, టైప్ చేయను! చూస్తే వాడినట్టు కాదా?"

ఆర్నెల్లుగా ఆమెను చూడటమే పనిగా పెట్టుకున్నవాడికి ఈ మాత్రం తట్టకపోవడం విడ్డూరమే.

అంతలో మేనేజరు గారు ఒక కాగితం ఊపుకుంటూ వచ్చారు. "పై అంతస్తుకి బదిలీ అడిగావటగా అమ్మా? ఐదింటికి సంతకం పెడతాను."

ప్రోగ్రామరు చటుక్కున తలెత్తాడు. పై అంతస్తులో ఇంకా పాత సాఫ్ట్‌వేరే. తన విండోల బాధ పడలేకే వెళ్ళిపోతోందన్నమాట. ఐదింటిలోగా సరిచేస్తే ఆగుతుందేమో!

"ఒక్క గంట మీ పక్కన కూర్చుని, మీరెలా పనిచేస్తారో చూడనా?"

"ఇన్నాళ్ళూ దూరం నుంచి చూసింది చాల్లేదా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా కుర్చీ లాక్కున్నాడు.

ఎడమ అసలు కాగితం, కుడి అనువాదం, కింద పదాల పట్టిక. ఆమె ఒక వాక్యం చదివి, తనలో తను గొణుక్కుని, వరండాలో నాలుగడుగులు వేసి వచ్చి అప్పుడు రాస్తుంది. వచ్చేసరికి చదివిన వరుస చదివిన చోటే ఉండాలి.

"రోజుకి రెండు మాత్రలన్నది పూటకి రెండని రాశాననుకోండి. నా తప్పు ఎవరి కడుపులోకి పోతుందో తెలుసా?" అంది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

అతను భోజనం మాట మరిచి కూర్చున్నాడు. ముద్దుగా రాసుకున్న టైమర్‌ని మొత్తం పీకేశాడు. ఇక అడగందే ఏదీ మూసుకోదు. ఒక్క మీట నొక్కితే చాలు, మూడు విండోలూ చదువుతున్న వరుసతో సహా యథాస్థానంలోకి వస్తాయి.

నాలుగూ నలభైకి ఆమె వరండా దాకా వెళ్ళొచ్చి మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. చిన్నపిల్లలా నవ్వేసింది.

"బంగారంలా ఉంది!"

"అయితే బదిలీ కాగితం వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోను."

అతని ముఖం వాడిపోయింది. "ఇంకేం మార్చాలో చెప్పండి, మారుస్తాను. మీరు మాత్రం వెళ్ళకండి. మీరంటే నాకు ప్రాణం," అన్నాడు ఉండబట్టలేక. అనేశాక తనే హడలిపోయాడు.

ఆమె తల దించుకుని నవ్వుకుంది. "ఇదంతా మీ విండో వల్లే అనుకున్నారా? అది మూసుకుంది ఇవాళ. నేను కాగితం ఇచ్చి మూడు రోజులైంది."

"మరెందుకిచ్చారు?"

"భార్యాభర్తలు ఒకే సెక్షన్‌లో ఉండకూడదని ఇక్కడ రూలుంది. ముందుజాగ్రత్త."

"భార్యా... ఎవరు? భర్త ఎవరు?"

"అమ్మకి చెప్పాను. నాన్న సరేనన్నారు. అన్నయ్య మీ గురించి వాకబు కూడా చేసొచ్చాడు. చెప్పాల్సింది ఇక మీ ఒక్కరికే మిగిలింది. మీరు నోరు విప్పేసరికి నా జుట్టు నెరిసేలా ఉంటే ఏం చేయను?"

అతను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. దాన్ని ఎత్తకుండానే తలుపు వైపు పరుగెత్తాడు.

"ఎక్కడికండీ?"

"మేనేజరు గారి దగ్గరికి! సంతకం పెట్టకుండా ఇంటికి వెళ్ళిపోతారేమో!"