బొమ్మ తిరిగి తన్నింది

ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ భయం, నలుగురి ముందు నవ్వులపాలవడం. చీకటంటే భయం లేదు. బిడ్డ ఒళ్ళు కాస్త వెచ్చబడితే గుండె జారుతుంది కానీ, దానికైనా మందుంది. నవ్వుకి మందు లేదు.

చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. అప్పట్నుంచీ ఎవరు రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడినా చెవులు వేడెక్కేవి. పెళ్ళయింది. పాప పుట్టింది. బట్టల కొట్టువాళ్ళు పంపే ప్యాంట్లకి ఇంట్లోనే జిప్పులు మార్చి నాలుగు రాళ్ళు సంపాదించడం కూడా నేర్చుకుంది. ఆ భయం మాత్రం పుట్టింటి నుంచి సారెతో పాటు వచ్చినట్టు వెంటే ఉండిపోయింది.

ఆమె భర్త లిఫ్ట్ మెకానిక్. మాటలు తక్కువ మనిషి. ఆదివారం చెల్లెలు వచ్చిందంటే మాత్రం వేరే మనిషైపోయేవాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ టీవీ ముందు బాసింపట్టు వేసుకుని, చెరో కంట్రోలరూ పట్టుకుని కొట్లాట వీడియో గేమ్ ఆడేవాళ్ళు. తెర మీద ఇద్దరు మనుషులు. ఒకర్నొకరు తన్నుకోవడమే పని.

ప్రతి ఆటకీ ముందు అతని మనిషి రెండుసార్లు వంగి లేచేవాడు. "ఏమిటన్నయ్యా ఆ గుంజీళ్ళు?" అని చెల్లెలు వెక్కిరిస్తే, "నమస్కారం. పెద్దమనుషులు కొట్టుకునే ముందు పెట్టుకుంటారు" అనేవాడు. అప్పుడతని ఎడమ కనుబొమ్మ పైకి లేచేది. వంటగది గుమ్మంలో నిలబడి ఆమె ఆ కనుబొమ్మనే చూసేది. ఆట మీద మోజు లేదు. ఆ పక్కన కూర్చోవాలని ఉండేది, అంతే.

ఆ చెల్లెల్ని ఇంటిల్లిపాదీ గడుగ్గాయి అంటారు. ఒక ఆదివారం గడుగ్గాయే పిలిచింది.

"వదినా, రా! ఒక్క ఆట!"

"నాకు రాదమ్మా."

"రాకపోతే ఏం? ఏదో ఒక బటన్ నొక్కు, అదే వస్తుంది."

చంకలో పాపని అతనికిచ్చి కూర్చుంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలేవో మెరిశాయి. వాటిని కూడబలుక్కునేలోపే ఆమె మనిషి గాల్లోకి లేచాడు. కింద పడబోతుంటే మళ్ళీ లేచాడు. గడుగ్గాయి ఆ మనిషి కాలు నేలకి ఆననిస్తే కదా! చివరికి టీవీ "పర్ఫెక్ట్!" అని అరిచింది.

తనని మెచ్చుకుందేమో అనుకుని ఆమె నవ్వింది.

గడుగ్గాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "నీకు కాదు వదినా, నాకు! ఒక్క దెబ్బ కూడా తగలకుండా గెలిచినందుకు! అయినా అది కంట్రోలర్, అలా వంచి పట్టుకున్నావేంటి, పాపాయి పాలసీసాలాగా!"

అతనూ నవ్వాడు.

"టీ పెడతాను" అని ఆమె లేచింది.

నీళ్ళు మరుగుతున్నాయి, కళ్ళూ మరుగుతున్నాయి. గడుగ్గాయి నవ్విందంటే చిన్నపిల్ల. ఆయన కూడానా? బంతాటైతే పదిమంది చాటున తప్పు దాక్కుంటుంది. ఇక్కడ ఓటమంతా ఒక్కరి నెత్తి మీదే పడుతుంది. పైగా టీవీ ఎలుగెత్తి చాటుతుంది. అందరికీ పాఠం అయిపోయాక క్లాసులో అడుగుపెట్టినట్టుంది. ఎవరూ నేర్పరు, ఎందుకు రాలేదని మాత్రం నవ్వుతారు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ టీ పెట్టడంతోనే గడిచాయి.

కానీ రోషం ఊరుకోనిస్తుందా? మధ్యాహ్నాలు పాప నిద్రపోగానే తలుపు గడియపెట్టి, టీవీ గొంతు నొక్కేసి, ఒక్కతే కూర్చునేది. ఆ ఆటలో సాధన గది ఒకటుందని వెతికి పట్టుకుంది. అక్కడ ఎదుటివాడు బొమ్మలా నిలబడి ఉంటాడు. కొడితే పడతాడు, లేస్తాడు. నవ్వడు. అది చాలు ఆమెకి.

ఒక మధ్యాహ్నం ఆ బొమ్మ తిరిగి తన్నింది.

కంట్రోలర్ చేతిలోంచి జారి దబ్బున పడింది. పాప లేచి ఏడుపు లంకించుకుంది. అమ్మో, ఏదో నొక్కి పాడుచేశాను! సాయంత్రం భర్తకి అన్నం వడ్డిస్తూ ఎక్కడో చూస్తూ అడిగింది.

"ఏమండీ, ఆ ఆట మెషీన్ పాడైతే బాగుచేసేవాళ్ళు ఉంటారా?"

"ఏం, పాడైందా?"

"నాకేం తెలుసు? నేనసలు ముట్టుకుంటానా?"

"అదీ నిజమే" అని అతను మంచినీళ్ళ గ్లాసు చాటున మొహం దాచుకున్నాడు.

మర్నాడు బొమ్మ కాళ్ళ మీద మాత్రమే తన్నింది. నెమ్మదిగా తన్నడం, ఆగడం, మళ్ళీ తన్నడం. వంగి వెనక్కి నొక్కిపట్టుకుంటే దెబ్బ తగలదని పదిసార్లు తిన్నాక తెలిసింది. ఆమెకి అది వచ్చేసరికి బొమ్మ కొత్త పాఠం ఎత్తుకుంది. ఒకసారి కాళ్ళ మీద, ఒకసారి ఎగిరి తల మీద. ఎంత బుద్ధిమంతురాలైన మెషీనో, అనుకుంది. వానపడే ఒక మధ్యాహ్నం ఒక్క దెబ్బా తినకుండా అన్నీ కాచుకుని, గొంతెత్తకుండా "పర్ఫెక్ట్!" అనుకుని తనకు తానే నవ్వుకుంది.

అప్పుడు చూసింది. మళ్ళీ మొదలుపెట్టే ముందు బొమ్మ రెండుసార్లు వంగి లేచింది.

పెద్దమనుషుల నమస్కారం.

ఒంట్లో రక్తమంతా చెవుల్లోకి ఎక్కింది. తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ తను తన్నులు తింటుంటే, తడబడుతుంటే, అన్నీ తెలిసి నవ్వుకుంటున్నాడన్నమాట! టీవీ కట్టేసి, దాని మీద దుప్పటి కప్పేసింది. మర్నాడూ తియ్యలేదు, ఆ మర్నాడూ తియ్యలేదు.

వాన మళ్ళీ పట్టుకున్న సాయంత్రం, డాబా మీద ఆరేసిన పాప గుడ్డలు గబగబా లాగుతుంటే అతను వచ్చి తాడు రెండో కొస నుంచి తియ్యడం మొదలుపెట్టాడు.

"బొమ్మ ఊరికే నిలబడుతోంది, పాపం" అన్నాడు.

"ఏ బొమ్మ?"

"నల్ల దారం పోగు ఒకటి కంట్రోలర్ బటన్‌కి చుట్టుకుని ఉంది. మనింట్లో జిప్పులు కుట్టేది నేనైతే కాదు."

ఆమెకి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "బాగా నవ్వుకున్నారా?"

"నవ్వలేదు. ఆ సాధన గదిలో మనం ఆడింది మెషీన్‌లో దాచిపెడితే బొమ్మ మళ్ళీ అదే ఆడుతుంది. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు కూర్చుని, నీకోసం..."

"నోటితో చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు టీ పెడతానని వెళ్ళిపోతావు."

తడుస్తున్న గుడ్డలు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నాయి.

"ఆ రోజు నవ్వాను" అన్నాడతను, తల వంచుకుని. "నేను నేర్చుకునేటప్పుడు, నేనోడిన ప్రతిసారీ 'నువ్వు లేవరా' అని తోటి కుర్రాళ్ళు నా చేతిలోంచి కంట్రోలర్ లాక్కునేవాళ్ళు. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి. అంత తెలిసుండీ నవ్వాను చూడు. నీ మొహం చూశాక టీ గొంతు దిగలేదు. బాగుందని చెప్పాను కానీ."

"చక్కెర వెయ్యడం మర్చిపోయాను ఆ రోజు."

"తెలుసు."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేల్చుకోలేక పాప గౌనొకటి అతని నెత్తిన పడేసి కిందికి పరుగెత్తింది. ఆ రాత్రి అతను నిద్రపోయాక టీవీ మీది దుప్పటి తీసింది.

మర్నాడు పొద్దున అతను సాధన గది తెరిచాడు. బొమ్మ అతని దగ్గరికి నడిచొచ్చింది. రెండుసార్లు వంగి లేచింది. ఆనక ఫెడీమని మూతి మీద ఒక్కటిచ్చింది.

అతను ఇల్లెగిరిపోయేలా నవ్వాడు. వంటగదిలోంచి ఆమె గొంతు వినిపించింది.

"ఎవర్ని చూసి ఆ నవ్వు?"

"మా గురువుగారిని చూసి!"

పెళ్ళయిన ఇన్నాళ్ళకి అతని నవ్వు ఆమె చెవులకి వేడిగా కాక చల్లగా తగిలింది.

ఆదివారం గడుగ్గాయి వచ్చింది. ఈసారి పిలవకుండానే వదిన వచ్చి కూర్చుంది. మొదటి రౌండు పోయింది. రెండో దాంట్లో గడుగ్గాయి కాళ్ళ మీద తన్నింది, కాచుకుంది. ఎగిరి తన్నింది, కాచుకుంది.

"వదినా! ఎవరు నేర్పారే నీకు?"

"బొమ్మ."

ఆ రౌండు ఆమెదే. మూడోది మళ్ళీ పోయింది, ఆటా పోయింది. పాత భయం పిక్కలు పట్టి లేపబోయింది. నోటిదాకా వచ్చింది ఆ మాట. అంతలో పక్కన కూర్చున్న అతనే లేచాడు, ఎడమ కనుబొమ్మ ఎగరేసి.

"మీరు ఇంకోటి ఆడండి. నేను టీ పెడతాను."

చదువుతున్న మీకు ఒక్క మనవి. మీ ఇంట్లోనూ ఆటలోనో మాటల్లోనో నవ్వులు పేలుతున్న వేళ "టీ పెడతాను" అంటూ లేచి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉండి ఉంటారు. మీ నవ్వు కాస్త ఆపి, ఒక్కసారి వంటగదిలోకి వెళ్ళి చూసిరండి.